ఎగిరిన గంటలు

కాగితం మీద నా ఉద్యోగం పేరు పైలట్.
నేల విడిచింది లేదు ఒక్కరోజూ.
దిగువమెట్ట అటవీ క్యాంపు ముందు
కాలు విరిగితే తీగతో కట్టిన కుర్చీ,
మోకాళ్ల మీద తెర, తల మీద తడిగుడ్డ.
ఇదే నా విమానం.

ఫిబ్రవరి నడిమి నుంచి తొలి వాన దాకా సీజను.
తొలి వాన ఎప్పుడంటే మేనేజరు నవ్వాడు.
ఎగిరిన గంటకు మూడు వందల యాభై,
ఎదురుచూసిన గంటకు ఏమీ లేదు.
బ్యాటరీ ఇరవై రెండు నిమిషాలు;
మూడు బ్యాటరీలు ఒక గంట కింద లెక్క.
పైన ఆరు నిమిషాలు ఎవరివని అడగలేదు.
చెట్టుకు తగిలి రెక్క విరిగితే మాత్రం
నాదే.

మిగతా ఏడాదంతా
త్రిపురాంతకం మిరప చేల మీద మందు చల్లుతాను,
పెళ్లిళ్లలో వధూవరుల నెత్తిన డ్రోన్ తిప్పుతాను.
అక్కడ కనీసం భోజనం పెడతారు.

మా నాయిన మార్కాపురంలో ముప్పై ఏళ్లు పలక కోశాడు.
కోసిన పలకకే కూలి, పగిలిన పలకకు కోత.
"నువ్వన్నా పైకి పోరా" అనేవాడు దగ్గుల మధ్య.
పోయాను నాయినా,
నూట ఇరవై మీటర్లు.

మార్చి అంతా అడవి ఏమీ అనలేదు.
టేకాకులు రాలి, బోదగడ్డి ఎండి,
గాలి తిరిగినప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి.
కాస్త పొగ కనిపిస్తే బాగుండునని
ఒక మధ్యాహ్నం అనుకున్నాను.
పైకే అన్నానేమో,
ఫైర్ వాచర్ ఉడతల మంతన్న నా వైపు చూసి
చేతిలో చుట్టను రాతికేసి నలిపాడు,
నలిపినదాన్ని మళ్లీ నలిపాడు.
ఆయనది రోజు కూలి. జనవరి డబ్బు ఇంకా రాలేదు.

ఏప్రిల్ పదకొండు రాత్రి గుట్ట అంటుకుంది.
నా మిషను లేవకముందే ఆయన ముక్కుకు తెలిసింది.
పచ్చి కొమ్మలు విరుచుకుని ఎనిమిది మంది పోయారు చీకట్లోకి,
ఇద్దరి కాళ్లకు బూట్లు, మిగతా అందరికీ చెప్పులు.
తెర మీద అడవి నీలం, మంట ఎరుపు,
మనుషులూ ఎరుపే.
"కుడికి రండి, లోయలోకి దిగుతోంది" అని
వాకీటాకీలో అరుస్తూనే ఉన్నాను,
లోపల ఎవరో లెక్క కడుతూనే ఉన్నారు,
మూడోది, ఆరోది, తొమ్మిదోది.
చార్జి తగ్గితే యంత్రం తనంతట తానే
నా కాళ్ల దగ్గరికి తిరిగొచ్చేది.
కింద వాళ్లకు అట్లాంటి బొత్తాం లేదు.
తెల్లారేసరికి పన్నెండు బ్యాటరీలు.
నాలుగు గంటలు.
పద్నాలుగు వందలు.

బూడిద కనురెప్పలతో వచ్చి కూర్చున్నాడు మంతన్న.
"పైనుంచి చూస్తే మేం ఎట్టుంటామబ్బయా?"
"ఎర్రగా."
"మంటా ఎర్రగానేగా. ఎట్ట గుర్తుపడతావు?"
ఆలోచించాను.
"మంట ఆగకుండా పోద్ది.
ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ పోయేది నువ్వు."
చాలాసేపు ఏమీ అనలేదు.
చెంబులో నీళ్లు తాగి, మిగిలినవి
నా తల మీది గుడ్డ మీద పోశాడు.

జూన్ ఏడు. వాన.
గూడెం పిల్లల కేకలు కొండకు తగిలి తిరిగొస్తుంటే
ఫోన్‌లో చిన్న మెసేజ్,
సీజను అయిపోయింది, మిషను అప్పజెప్పండి.
నూట పదమూడు రోజులకు అరవై ఒక్క గంట,
అందులో రెండు రెక్కల ఖరీదు పోను.

సర్దుకుంటుంటే వచ్చాడు మంతన్న.
కూలి అందలేదు గానీ సీసాలో తేనె తెచ్చాడు.
"ఆ కాలిన గుట్ట చిగురేసిందేమో,
ఒక్కసారి పైనుంచి చూపిస్తావా?"

ఒక బ్యాటరీ మిగిలింది. వాన తెరిపిచ్చింది. లేపాను.
నల్లటి వాలు మీద, రాళ్ల సందుల్లో,
కొత్తగా దిద్దే పిల్లల చేతిరాతలా
వంకరటింకరగా పచ్చన.
తల నా తలకు తగిలేంత దగ్గరగా వంగి చూశాడు.

"దీన్ని గూడా గంట కింద రాస్తారా?"
"రాయరు."
"అయితే ఇంకాసేపు తిప్పు."